వార్‌క్రాఫ్ట్ లాగ్స్, రైడ్‌బాట్స్: కత్తి మార్చే ముందు ఒకసారి ఇవి చూడండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో చాలామంది కలిసి ఒక పెద్ద శత్రువుని (బాస్‌ని) కొట్టే రైడ్‌లో డ్యామేజ్ తక్కువొస్తోంది అనగానే చాలామంది చేసే మొదటి పని మంచి ఆయుధం కోసం వెతకడం. నేనూ రెండు నెలలు అదే చేశాను. ఆ రెండు నెలల్లో ఎవరైనా నన్ను కూర్చోబెట్టి, ఫైట్ రికార్డుని విడదీసి చూపించే వార్‌క్రాఫ్ట్ లాగ్స్ వెబ్‌సైట్‌లో ఏ పేజీ చూడాలో చూపించి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే ఈ రివ్యూ. దీంతోపాటు రైడ్‌బాట్స్ అనే సైట్ గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ రెండూ జంట. ఫైట్‌లో మీ చేతులు ఏం చేశాయో మొదటిది చెప్తుంది, మీ ఒంటిమీద ఉన్న సామాను ఎంతవరకు ఇవ్వగలదో రెండోది చెప్తుంది. ఒకటే చూస్తే సగమే తెలుస్తుంది. రెండిట్లో ఏది ముందు చూడాలి అంటే మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు, లాగ్ (ఫైట్ రికార్డు) ముందు, సిమ్ (కంప్యూటర్ లెక్కగట్టి ఆడే నకలు ఫైట్) తర్వాత.

నేను ఆడేది ఫ్యూరీ వారియర్. రెండు చేతుల్లో రెండు పెద్ద ఆయుధాలు పట్టుకుని బాస్‌ని అంటిపెట్టుకుని కొట్టే పని. 2024 సెప్టెంబర్‌లో నెరుబార్ ప్యాలెస్ అనే రైడ్ తెరిచాక మా గిల్డ్ (కలిసి ఆడే జట్టు) హీరోయిక్ అనే కష్టం స్థాయిలో బాగానే వెళ్ళింది, నెక్సస్ ప్రిన్సెస్ కైవెజా అనే బాస్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. ఆ ఫైట్ ఆడినవాళ్ళకి తెలుసు, మధ్యలో చంపడానికి చిన్న చిన్న శత్రువులెవరూ రారు, ఉన్నది ఆమె ఒక్కతే, కానీ ఎవర్నీ ఒకచోట నిలబడనివ్వదు. బాకులు గీతలు గీసుకుంటూ వస్తాయి, నీడలు మీదకి దూసుకొస్తాయి, ఎవరో ఒకరు ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటారు. టైమ్ దాటిందా, ఎన్‌రేజ్, అంటే బాస్ రెచ్చిపోయి అందర్నీ చంపేస్తుంది, ఇక అంతే. బాస్ ప్రాణం మూడు శాతం మిగిలుండగా వైప్, అంటే అందరం చచ్చాం. తర్వాత నాలుగు. ఇంకోసారి రెండున్నర. అంత దాకా వచ్చి పోయినప్పుడు వాయిస్ చాట్‌లో ఎవరూ నోరు విప్పరు. హీలర్లు ప్రాణం పెట్టి నిలబెట్టారు, ట్యాంకులు (బాస్ దెబ్బలు తమ మీదకి తీసుకునేవాళ్ళు) ఒక్క తప్పు చేయలేదు, డ్యామేజే చాలట్లేదు, ఎవరు ఎంత కొట్టారో చూపించే మీటర్లో నేను కింద నుంచి మూడోవాడిని.

నా కుడిచేతి కత్తి పాతది కాబట్టే ఇలా అవుతోందని నాకు గట్టి నమ్మకం. మా రైడ్ లీడర్‌తో అదే అన్నాను, "అన్నా, వచ్చే వారం వాల్ట్‌లో ఆయుధం పడితే సెట్ అయిపోతుంది" అని. వాల్ట్ అంటే వారానికోసారి బహుమతి ఇచ్చే పెట్టె. అన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి లాగ్ లింక్ పంపి కింద ఒక్క మాట రాశాడు. "తమ్ముడూ, డ్యామేజ్ పేజీ తర్వాత చూడొచ్చు, ముందు క్యాస్ట్స్ తెరువు. ఎన్నిసార్లు నొక్కావో లెక్కపెట్టు."

లాగ్ ఎలా తీయాలో తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్పేస్తాను. గేమ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కాంబాట్ లాగింగ్ ఆన్ చేయాలి, చాట్‌లో స్లాష్ పెట్టి కాంబాట్‌లాగ్ అని కొడితే అక్కణ్ణుంచి పడే ప్రతి దెబ్బా, ప్రతి హీలూ ఒక టెక్స్ట్ ఫైల్లోకి ఎక్కుతూ ఉంటుంది, ఆ ఫైల్‌ని వార్‌క్రాఫ్ట్ లాగ్స్ వాళ్ళ అప్‌లోడర్‌తో పంపించాలి. రైడ్ నడుస్తుండగానే లైవ్‌గా పంపే పద్ధతి కూడా ఉంది. గిల్డ్‌లో ఒకరు తీస్తే రైడ్ మొత్తానిదీ వచ్చేస్తుంది, మీ లాగ్ ఇప్పటికే ఎవరో పెట్టేసి ఉండొచ్చు, ఒకసారి మీ క్యారెక్టర్ పేరు వెతికి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి, క్యాస్ట్స్ పేజీ. ఇది చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, ఒక పట్టిక, ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారు, నిమిషానికి ఎన్ని పడ్డాయి, అంతే. కానీ నా ఆట మారింది ఈ పేజీ వల్లే. లెక్క ఇలా ఉంటుంది. ఒక బటన్ నొక్కాక ఇంకోటి నొక్కడానికి పట్టే గ్లోబల్ కూల్‌డౌన్ మామూలుగా 1.5 సెకన్లు, హేస్ట్ (వేగం పెంచే స్టాట్) పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎంత తగ్గినా 0.75 కంటే కిందకి పోదు. ఎన్‌రేజ్ (బాస్‌ది కాదు, మా ఫ్యూరీకి కాసేపు బలం, వేగం పెంచే స్థితి పేరు కూడా అదే) వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నా హేస్ట్ ఊగుతుంది గానీ సగటున 25 శాతం అనుకుందాం, అంటే 1.2 సెకన్లకో బటన్. ఐదు నిమిషాల ఫైట్ అంటే 300 సెకన్లు, అందులో 250 బటన్లు పడతాయి. నావి ఎన్ని పడ్డాయో కూడి చూశాను. 204.

అంటే 46 ఖాళీలు, దాదాపు 55 సెకన్లు. ఐదు నిమిషాల ఫైట్‌లో సుమారు ఒక నిమిషం పాటు నేను ఏమీ నొక్కకుండా ఉన్నాను. నాకైతే చేతులు ఒక్క క్షణం ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు, కీబోర్డ్ మీద వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, చెమట కూడా పట్టింది, అయినా లాగ్‌లో ఉన్నది 204. ఆ రాత్రి నిద్రపట్టలేదు, అది బాధ కాదు, చాలాకాలంగా దొరకని వస్తువు ఎక్కడుందో తెలిసిపోయినప్పటి ఆత్రం. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, 204ని 250 చేస్తే డ్యామేజ్ కూడా అదే లెక్కన పెరుగుతుందని కాదు. ఆటో అటాక్స్ వాటంతట అవే పడుతుంటాయి, అన్ని బటన్ల బరువూ ఒకటి కాదు, కైవెజా లాంటి ఫైట్‌లో ఎంతటి వాళ్ళకైనా 250 పడవు. కానీ ఒక ఆయుధం మారిస్తే వచ్చేదానితో పోలిస్తే ఈ గుంత ఎంత పెద్దదో చూడండి, ఆయుధం లెక్క కిందకొచ్చాక చెప్తాను.

ఖాళీలు ఎక్కడున్నాయో తెలియాలంటే అదే పేజీలో టైమ్‌లైన్ వ్యూ తెరవాలి. మీరు నొక్కిన ప్రతి బటన్ బొమ్మ సెకన్ల గీత మీద వరుసగా కనిపిస్తుంది, మీ ఆటకి ఎక్స్‌రే తీసినట్టు ఉంటుంది. నా గీత మీద బొమ్మలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, గుంపుకీ గుంపుకీ మధ్య తెల్లగా జాగా. ఒకచోట ర్యాంపేజ్, బ్లడ్‌థర్స్ట్, రేజింగ్ బ్లో అనే దెబ్బలు వరసగా ఉన్నాయి, తర్వాత నాలుగున్నర సెకన్లు ఏమీ లేదు, మళ్ళీ బ్లడ్‌థర్స్ట్. అది బాకుల నుంచి తప్పుకుని నేను తిరిగి బాస్ దగ్గరికి నడిచొచ్చిన టైమ్. నడిచొచ్చిన, అదే తప్పు! ఇదే ఫైట్‌లో ఇదే ఐటెమ్ లెవెల్ (సామాను బలం చెప్పే అంకె) ఉన్న ఇంకో ఫ్యూరీ వారియర్ లాగ్ పక్కన పెట్టుకుని చూశాను, ఆ మనిషి తప్పుకున్న ప్రతిసారీ వెంటనే ఛార్జ్ బొమ్మ ఉంది. 8 గజాల నుంచి 25 గజాల దూరం దాకా ఒక్క బటన్‌తో మీదకి వెళ్ళిపోవచ్చు, పైగా 20 రేజ్ (దెబ్బలకి ఖర్చుపెట్టే ఇంధనం) వస్తుంది. నా లాగ్‌లో ఫైట్ మొత్తానికి ఛార్జ్ మూడుసార్లు. ఆయనది పదకొండు. ఈ తేడా ఏ కత్తిలో దొరుకుతుంది చెప్పండి?

ఇంకోటి రెక్లెస్‌నెస్. 90 సెకన్ల కూల్‌డౌన్ (మళ్ళీ నొక్కడానికి ఆగాల్సిన టైమ్), 12 సెకన్లు ఉంటుంది, ఆ 12 సెకన్లూ రేజ్ రెట్టింపు వస్తుంది, క్రిటికల్ (మామూలు కంటే పెద్ద దెబ్బ) పడే అవకాశం 20 శాతం పెరుగుతుంది, ఫ్యూరీకి ఇంతకన్నా విలువైన బటన్ లేదు. బాస్ కదలకుండా ఉండే మంచి టైమ్ కోసం దాచుకుని వాడటం నా అలవాటు, అదే తెలివైన పని అనుకునేవాణ్ణి. టైమ్‌లైన్ మీద వేలు పెట్టి చూస్తే పుల్‌కి (ఫైట్ మొదలవగానే) ఒకటి, 107వ సెకన్‌కి ఒకటి, 215కి ఒకటి, మొత్తం మూడు. రెడీ అవ్వగానే నొక్కి ఉంటే 0, 90, 180, 270, నాలుగు పడేవి. ప్రతిసారీ ఓ పదిహేడు, పద్దెనిమిది సెకన్లు దాచుకున్నందుకు ఒక పూర్తి రెక్లెస్‌నెస్ గాల్లో కలిసిపోయింది. ఆంగర్ మేనేజ్‌మెంట్ టాలెంట్ తీసుకుంటే రేజ్ ఖర్చు పెట్టేకొద్దీ ఈ కూల్‌డౌన్ ఇంకా తగ్గుతుంది, అప్పుడు దాచుకునేవాళ్ళకి నష్టం ఇంకా ఎక్కువ. బాస్ చావడానికి ఎంత టైమ్ పడుతుందో ముందే లెక్కేసుకోండి, అందులో మీ పెద్ద కూల్‌డౌన్ ఎన్నిసార్లు పడుతుందో చూసుకోండి, దాచుకోవడం వల్ల ఆ సంఖ్య తగ్గకపోతేనే దాచుకోండి. ఏ క్లాస్ ఆడేవాళ్ళకైనా ఇదే వర్తిస్తుంది.

బఫ్స్ (మీ మీద కాసేపు ఉండే బలాలు) పేజీ, రిసోర్సెస్ (రేజ్ లాంటివి) పేజీ కూడా వదలొద్దు. ఫ్యూరీకి మాస్టరీ అనే స్టాట్ ఎన్‌రేజ్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది, కాబట్టి ఎన్‌రేజ్ అప్‌టైమ్ (ఫైట్‌లో ఎంతసేపు ఉంది) ఎంతో బఫ్స్‌లో చూసుకోవాలి. ర్యాంపేజ్‌కి 80 రేజ్ కావాలి, అది కొడితే ఎన్‌రేజ్ గ్యారంటీగా వస్తుంది, కానీ "ఇంకొక్క రేజింగ్ బ్లో వేసి అప్పుడు కొడదాం" అనుకుంటూ ఉంటే గ్లాసు నిండిపోయి పైన పోసింది పోయినట్టే పోతుంది. రొటేషన్ అని అందరం అంటాం గానీ ఫ్యూరీకి ఉండేది ఒకటి తర్వాత ఒకటి నొక్కే వరస కాదు, ఏది ముఖ్యం, అది రెడీగా లేకపోతే తర్వాత ఏది ముఖ్యం అనే ప్రయారిటీ. ఆ ప్రయారిటీ కాగితం మీద నాకు కంఠతా వచ్చు. ఫైట్‌లో ఎక్కడ తప్పుతున్నానో కాగితం చెప్పలేదు, లాగ్ చెప్పింది.

చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వీటన్నిటికంటే ముందు ఒక కోచింగ్ సర్వీస్‌కి డబ్బు కట్టాను. పేరు అనవసరం. వాళ్ళు నా లాగ్ అడగలేదు, ఏ బాస్ దగ్గర ఇరుక్కున్నానో అడగలేదు, పుల్ మొదట్లో ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో ఒక బొమ్మ పంపి ఆల్ ద బెస్ట్ చెప్పారు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు, మొదటి పదిహేను సెకన్లకి సరిపోతుంది. మిగతా నాలుగు నిమిషాల నలభై ఐదు సెకన్ల సంగతేంటి? లాగ్ చూడకుండా సలహా ఇచ్చేవాళ్ళకి దయచేసి ఎవరూ డబ్బు కట్టకండి, అంతకన్నా ఎక్కువ పని ఉచితంగా చేసే వావ్ఎనలైజర్ అని ఒకటుంది, ఓపెన్ సోర్స్, వార్‌క్రాఫ్ట్ లాగ్స్ లింక్ అందులో పేస్ట్ చేస్తే మీ స్పెక్‌కి (క్లాస్‌లో మీరు ఎంచుకున్న రకం, నాది ఫ్యూరీ) తగ్గట్టు ఎక్కడ టైమ్ పోయింది, ఏ కూల్‌డౌన్ వాడలేదు అన్నీ విడదీసి చూపిస్తుంది. అన్ని స్పెక్‌లకీ ఒకే నాణ్యతలో ఉండదు, అయినా మొదలుపెట్టడానికి చక్కటి చోటు.

వార్‌క్రాఫ్ట్ లాగ్స్ అనగానే అందరూ మాట్లాడేది రంగుల గురించి, కాబట్టి అదీ చెప్పాలి. ఆ బాస్‌ని అదే స్పెక్‌తో చంపినవాళ్ళందరిలో మీరెక్కడున్నారో పర్సెంటైల్ (నూటికి ఎంతమంది కంటే మెరుగో) ఇస్తుంది. 25 లోపు బూడిద, 25 నుంచి ఆకుపచ్చ, 50 నుంచి నీలం, 75 నుంచి ఊదా, 95 నుంచి నారింజ, 99కి గులాబీ, 100కి బంగారం. నాకు దీంతో కొంచెం గొడవ ఉంది. రంగు వచ్చేది బాస్ చచ్చిన ఫైట్‌కే, వైప్ అయిన పుల్స్‌కి ర్యాంకింగ్ ఉండదు. మీకు సాయం కావాల్సింది వైప్ అవుతున్న రోజుల్లో కదా! పైగా ఆ నంబర్‌లో బాస్ క్యాస్ట్‌ని ఎవరు ఆపారు, అందరి కోసం దెబ్బ ఎవరు తిన్నారు అనేది లేదు. ప్రీస్ట్ తన పవర్ ఇన్‌ఫ్యూజన్ అనే బలాన్ని ఎవరికిచ్చాడు అన్నదాన్ని బట్టి కూడా నంబర్ మారుతుంది. 2023లో పక్కవాళ్ళ డ్యామేజ్ పెంచే ఆగ్మెంటేషన్ ఇవోకర్ వచ్చాకైతే ఎవరి డ్యామేజ్ ఎవరి వల్ల వచ్చిందో విడదీయడమే ఒక పెద్ద లెక్క అయింది. రంగు కోసం మెకానిక్స్ (తప్పుకోవడం, ఆపడం లాంటి ఫైట్ పనులు) వదిలేసి కొట్టేవాళ్ళని చూశాను, ఒక మనిషి ఊదా రంగు కోసం ఇరవై మంది రాత్రి పోతుంది. అలాగని రంగులు పనికిరావని అనను. ఐటెమ్ లెవెల్‌ని బట్టి ఇచ్చే రెండో పర్సెంటైల్ ఒకటుంది, మీతో సమానమైన సామాను ఉన్నవాళ్ళతోనే పోలుస్తుంది, అది మాత్రం తప్పకుండా చూడండి. అప్పటికే చంపిన బాస్‌ల మీద నాకది 31 చూపించింది. అంటే నాలాంటి కత్తులే పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది నాకంటే బాగా కొడుతున్నారు, ఇక కత్తి మీద నింద వేయడానికి దారి లేదు.

ఇక ఆయుధం సంగతి, రైడ్‌బాట్స్. ఇది సిమ్యులేషన్‌క్రాఫ్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ని వాళ్ళ సర్వర్ల మీద నడిపి పెడుతుంది, మన కంప్యూటర్ మీద భారం పడదు. గేమ్‌లో సిమ్యులేషన్‌క్రాఫ్ట్ యాడ్ఆన్ వేసుకుని చాట్‌లో స్లాష్ పెట్టి సిమ్‌సి అని కొడితే ఒక కిటికీ నిండా టెక్స్ట్ వస్తుంది, మీరు వేసుకున్నవీ బ్యాగ్‌లో ఉన్నవీ అన్నీ అందులో ఉంటాయి. దాన్ని కాపీ చేసి రైడ్‌బాట్స్‌లోని టాప్ గేర్ పేజీలో పేస్ట్ చేసి ఏ వస్తువులు పోల్చాలో టిక్ పెడితే మీ క్యారెక్టర్‌తో అదే ఫైట్‌ని వేల సార్లు ఆడి ఏ జత ఎక్కువ కొడుతుందో చెప్తుంది. ఉచితంగా వాడుకోవచ్చు, క్యూలో కాసేపు ఆగాలి, ప్రీమియం తీసుకుంటే క్యూ తగ్గుతుంది. నేను ఎప్పుడూ ఉచితంగానే వాడాను, ఆగడం నాకు ఇబ్బంది అనిపించలేదు.

వాల్ట్‌లో చివరికి నాకో గొడ్డలి పడింది. ఐటెమ్ లెవెల్ నా కత్తి కంటే 7 ఎక్కువ, కానీ దాని మీద ఉన్నవి క్రిట్, వర్సటిలిటీ అనే స్టాట్స్. ఫ్యూరీకి హేస్ట్, మాస్టరీ కావాలని గైడ్‌లన్నీ చెప్తాయి, నా పాత కత్తి మీద సరిగ్గా అవే ఉన్నాయి. గొడ్డలిని పక్కన పడేద్దామనుకున్నాను. అన్న మాట గుర్తొచ్చి సిమ్ చేశాను. గొడ్డలిని కుడిచేతికి ఇస్తే 1.8 శాతం ఎక్కువ, ఎడమచేతికి ఇస్తే 1.2. కారణం చూస్తే తేలికైనదే. ఆయుధం ఐటెమ్ లెవెల్ పెరిగితే దాని సొంత డ్యామేజ్ పెరుగుతుంది, స్ట్రెంగ్త్ (వారియర్‌కి ముఖ్యమైన స్టాట్) పెరుగుతుంది, ఈ రెండూ కలిస్తే హేస్ట్, మాస్టరీ పోగొట్టుకున్న లోటుని దాటేస్తాయి. ఎడమచేతి ఆయుధం సగం డ్యామేజే చేస్తుంది కాబట్టి పెద్దది ఎప్పుడూ కుడిచేతిలోనే ఉండాలి. ఉంగరాలకి ఇది తిరగబడుతుంది, వాటి మీద స్ట్రెంగ్త్ ఉండదు, ఉండేదంతా హేస్ట్, మాస్టరీ లాంటి సెకండరీ స్టాట్సే, అందుకే ఐటెమ్ లెవెల్ తక్కువున్న ఉంగరం గెలవడం మామూలే. ట్రింకెట్ల (ప్రత్యేక శక్తులున్న చిన్న వస్తువుల) సంగతి కంటితో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, సిమ్ చేయాల్సిందే. ఏ బాస్ దగ్గర పడే ఏ వస్తువు మీకు ఎంత పెంచుతుందో రైడ్‌బాట్స్‌లోనే ఉన్న డ్రాప్టిమైజర్ ముందే చెప్తుంది, లూట్ పంచేటప్పుడు గిల్డ్‌లో సగం వాదనలు దీంతో ఆగిపోయాయి.

ఆ 1.8 శాతాన్ని ఇప్పుడు పైన చెప్పిన 46 ఖాళీ బటన్ల పక్కన పెట్టి చూడండి. ఈ ఆయుధం కోసమా నేను రెండు నెలలు ఎదురుచూసింది?

రైడ్‌బాట్స్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. మీరేమీ మార్చకపోతే అది ఐదు నిమిషాల ప్యాచ్‌వర్క్ ఫైట్ ఆడుతుంది. 2006లో వచ్చిన నాక్స్‌రమాస్‌లో ప్యాచ్‌వర్క్ అనే బాస్ ఉండేవాడు, కదలడు, కదిలించడు, నిలబడి కొట్టించుకుంటాడు, ఆయన పేరే ఆ ఫైట్ స్టైల్‌కి పెట్టారు. కైవెజా అలా నిలబడుతుందా? అదీగాక సిమ్‌లో ఆడేది తడబడని చేతులు, మీవి కాదు. కాబట్టి సిమ్ ఇచ్చే నంబర్‌ని "నేను ఇంత కొట్టాలి" అని కాకుండా "ఈ రెండిట్లో ఏది మేలు" అనడానికే వాడండి, నాలుగైదు శత్రువులొచ్చే బాస్ అయితే ఫైట్ స్టైల్ మార్చి ఇంకోసారి చేయండి. కింద ఎర్రర్ ఎంతో కూడా చూపిస్తుంది, రెండు జతల మధ్య తేడా దానికంటే తక్కువుంటే ఆ రెండూ ఒకటే, 0.2 శాతం కోసం రాత్రంతా జెమ్స్ మార్చుకుంటూ కూర్చోవద్దు. కొత్త వస్తువు వేసుకున్న ప్రతిసారీ మళ్ళీ సిమ్ చేయాలి, పాత స్టాట్ వెయిట్స్ (ఏ స్టాట్‌కి ఎంత విలువో చెప్పే అంకెలు) పట్టుకుని వేలాడొద్దు.

ఈ గేమ్ పాత రూపమైన క్లాసిక్ ఆడేవాళ్ళకి ఆయుధం లెక్క పూర్తిగా వేరు, అది నాకు చాలా ఇష్టమైన లెక్క కాబట్టి రెండు మాటలు. అక్కడ మీ లెవెల్ 60, రైడ్ బాస్‌ని 63గా లెక్కేస్తారు. వెపన్ స్కిల్ (ఆ రకం ఆయుధం మీద నైపుణ్యం) 300 ఉంటే మీ ఆటో అటాక్స్‌లో 40 శాతం గ్లాన్సింగ్ అవుతాయి, అంటే జారిపోయిన దెబ్బలు, వాటిలో ఒక్కోదానికీ సగటున 35 శాతం డ్యామేజ్ పోతుంది. స్కిల్ 305 అయితే ఆ డ్యామేజ్ నష్టం 15 శాతానికి పడిపోతుంది, స్పెషల్ దెబ్బలు మిస్ కాకుండా ఉండాలంటే కావాల్సిన హిట్ 9 శాతం నుంచి 6 శాతానికి తగ్గుతుంది. హ్యూమన్ జాతికి కత్తి, గద మీద 5 స్కిల్ పుట్టుకతోనే ఉంటుంది, ఆర్క్‌కి గొడ్డలి మీద. అందుకే హ్యూమన్ వారియర్ చేతిలో కాస్త తక్కువ నంబర్ ఉన్న కత్తి కూడా పెద్ద గొడ్డలిని ఓడిస్తుంది. టూల్‌టిప్ మీద కనిపించే డీపీఎస్ (సెకనుకి డ్యామేజ్) చూసి ఆయుధం ఎంచుకుంటే అక్కడ నిలువునా మోసపోతారు. వార్‌క్రాఫ్ట్ లాగ్స్‌లో క్లాసిక్‌కీ విడిగా విభాగం ఉంది, డ్యామేజ్ పేజీలో ఒక్కో దెబ్బ మీద మౌస్ పెడితే ఎన్ని మిస్ అయ్యాయి, ఎన్ని గ్లాన్సింగ్ అయ్యాయి అన్నీ కనిపిస్తాయి. ఫైనల్ ఫాంటసీ 14 ఆడేవాళ్ళకి ఎఫ్ఎఫ్ లాగ్స్ ఇదే పద్ధతిలో ఉంటుంది, అక్కడ గ్లోబల్ కూల్‌డౌన్ మామూలుగా 2.5 సెకన్లు, అంటే వదిలేసిన ఒక్కో బటన్ ఇంకా బరువైనది.

అసలు కష్టాలు చెప్పకపోతే రివ్యూ కాదు. వార్‌క్రాఫ్ట్ లాగ్స్ కొత్తవాళ్ళని భయపెడుతుంది. పైన ఒక వరస ట్యాబ్‌లు, పక్కన ఇంకో వరస, దేని మీద నొక్కినా ఇంకో పట్టిక, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు ఉండరు. ఫోన్‌లో చూడటం నాకైతే అస్సలు కుదర్లేదు, టైమ్‌లైన్ చూడాలంటే పెద్ద స్క్రీన్ ఉండాలి. ఉచితంగా వాడితే యాడ్స్ ఉంటాయి. వీటన్నిటికంటే పెద్ద చిక్కు మనుషులతో, లాగ్ చేతికి రాగానే పక్కవాళ్ళ తప్పులు వెతకడం మొదలుపెడతారు. మా గిల్డ్‌లో ఒక నియమం పెట్టుకున్నాం, ఎవరి లాగ్ వాళ్ళు చూసుకోవాలి, పక్కవాళ్ళది వాళ్ళు అడిగితేనే.

అలా అడిగిన ఒక చెల్లి ఉంది మా గిల్డ్‌లో, ఫ్రాస్ట్ మేజ్. "అన్నా, నాదీ చూడవా" అంది. తెరిస్తే టైమ్‌లైన్ మీద ఒక్క ఖాళీ లేదు, బొమ్మలు మల్లెదండ కట్టినట్టు ఉన్నాయి. ఆమె చేతులకి పెట్టే వంకే లేదు, ఆమెకి చూడాల్సింది సామానే. టాప్ గేర్‌లో వేస్తే నెలరోజులుగా బ్యాగ్‌లో పడి ఉన్న బాకు, ఆఫ్‌హ్యాండ్ జత ఆమె కర్రని దాటేసింది, వేరువేరుగా చూసినప్పుడు రెండూ చిన్నవిగా కనిపించి పక్కన పెట్టేసిందట. నాకు నెల రోజులు పట్టిన మార్పు ఆమెకి రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకూ ఆమెకీ సమస్య పైకి ఒకేలా కనిపించింది, మీటర్లో నంబర్ తక్కువ, అంతే. లాగ్ చూడకుండా ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేవాణ్ణి.

నా సంగతికొస్తే, ఆ నెలంతా ఒకేసారి అన్నీ దిద్దుకోవాలని చూడలేదు. మొదటి వారం ఛార్జ్ ఒక్కటే, తప్పుకున్న ప్రతిసారీ ఛార్జ్. రెండో వారం రెక్లెస్‌నెస్ రెడీ అవగానే నొక్కడం. మూడో వారం ర్యాంపేజ్ దాచుకోకుండా కొట్టడం. ఒక్కో రాత్రి రైడ్ అయ్యాక పది నిమిషాలు లాగ్ ముందు కూర్చుని ఆ ఒక్క విషయమే చూసుకునేవాణ్ణి. 204 కాస్తా 218 అయింది, తర్వాత 226, కైవెజా పడిన రాత్రి 233. నా డ్యామేజ్ 11 శాతం పెరిగింది, అందులో గొడ్డలి వాటా తీసేసినా 9 పైనే. ఆమె పడినప్పుడు ఎన్‌రేజ్‌కి ఇంకా టైమ్ ఉంది, వాయిస్ చాట్‌లో ఎవరు ఏం అరుస్తున్నారో ఎవరికీ అర్థం కాలేదు. అన్న అంతా సద్దుమణిగాక "తమ్ముడూ, ఛార్జ్‌లు ఎన్ని" అని అడిగాడు. పన్నెండు.

ఆ సీజన్ అయిపోయి చాలాకాలమైంది, రైడ్‌లు మారాయి, టాలెంట్లు మారాయి, ఈ రెండూ మాత్రం నా బ్రౌజర్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఇప్పుడు కూర్చున్నది ఎగ్జిక్యూట్ మీద. మామూలుగా బాస్ 20 శాతానికి వచ్చాక పనిచేసే బటన్ మాసకర్ టాలెంట్ తీసుకుంటే 35 నుంచే పనిచేస్తుంది, ఫైట్‌లో మూడో వంతు అది. నిన్నటి లాగ్‌లో ఆ మూడో వంతు మాత్రమే కత్తిరించి క్యాస్ట్స్ చూశాను, పడాల్సినవాటికి ఆరు తక్కువున్నాయి. ఎక్కడెక్కడో ఇంకా టైమ్‌లైన్ మీద వెతుకుతున్నాను.